నాలుగు జవాబుల్లో లేనిది

పంతొమ్మిదేళ్లుగా కిసుము ఊరికి తీగలు తొడుగుతున్నాను.
తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం...
కళ్లు మూసుకున్నా నా వేళ్లు వరస తప్పవు.
ఆసుపత్రి సీలింగులో ఏ పలక ఎత్తితే
ఏ ఎలుక కాపురం బయటపడుతుందో కూడా తెలుసు.
అయినా జీతాల పుస్తకంలో
నా పేరు పక్కన ఉన్న మాట: హెల్పర్.

ఒచోలా వచ్చాడు, ఇరవై నాలుగేళ్లవాడు.
మొదటివారం నా క్రింపర్ అరువడిగాడు.
రెండోవారం నాకు పైఅధికారి అయ్యాడు.
కోపం లేదు. నిచ్చెన పట్టుకోమంటే
రెండు చేతులతో పట్టుకునే పిల్లాడు.
వాడి దగ్గర ఉండి నా దగ్గర లేనిది ఒక్క కాగితం.
"అపోండీ, నీకు తెలిసిందే అడుగుతారు,
కాకపోతే నీకు తెలీని పేర్లతో" అన్నాడు.

పరీక్ష ఫీజు నాలుగు నెలల ఇంటద్దె.

మటాటులో కండక్టరు చిల్లర లెక్కపెడుతుంటే
నేను చిరునామాలు లెక్కపెట్టాను.
అరవై నాలుగింట్లో మనకి దక్కేవి అరవై రెండు.
మొదటిది వీధి పేరు,
చివరిది వీధి మొత్తానికీ పెట్టే కేక,
ఆ రెంటిలో ఎవరూ కాపురముండరు.
ఈ మాట నా అంతట నేనే కట్టుకున్నానని మురిసి
దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

మొదటిసారి తప్పాను.
నైరోబీ నుంచి వచ్చే రాత్రి బస్సులో
కిటికీకి తల ఆనించి, నకూరు దాకా,
నాలుగు నెలల అద్దె బరువెంతో తూచాను.

రెండోసారి, పదిహేడో ప్రశ్న:
రెండు స్విచ్‌ల మధ్య రెండు దారులు,
నెట్‌వర్క్‌లో తుఫాను, ఏం చేయాలి?
పైకే నవ్వేశాను.
కాపలా అమ్మాయి తలెత్తి చూసింది.
ఏమని చెప్పను? ఆ తుఫానులో తడిసినదాన్ని.

ఆ రాత్రి ప్రసూతి వార్డులో తెరలన్నీ బిగుసుకుపోయాయి.
రక్తం గ్రూపు అడిగితే బదులు లేదు.
ఒకే కేక తన తోక తానే మింగుతూ తీగల్లో గిర్రున తిరిగింది,
సరస్సు మీద గుర్రపుడెక్క అల్లుకున్నట్టు
ఒకటి రెండై, రెండు నూరై,
పడవ కదలడానికి గీతంత నీళ్లు మిగలకుండా.
చీటీలు పట్టుకుని నర్సులు మెట్ల మీద పరుగులు.
నేను ఏ యంత్రాన్నీ అడగలేదు.
నేల తుడిచే మామా నెరియాని అడిగాను.
"వేలాడే తీగ కాలికి అడ్డం పడుతోంటే
పక్కనున్న కన్నంలో దోపాను, తప్పా?" అంది.
తీగ లాగేశాను.
ఆసుపత్రి ఊపిరి పీల్చుకుంది.

తెర మీద జవాబులు నాలుగు.
'నెరియాని అడుగు' వాటిలో లేదు.
మూడోది నొక్కాను. సరైనదే.
ఆ జబ్బుకి ఒక పేరుందనీ,
మందు ఆ పెట్టెలోనే ఉందనీ,
ఒక్క వరస రాస్తే చాలనీ
ఆ రాత్రి నాకు తెలిసుంటే
మెట్ల మీద పరుగులే ఉండేవి కావు.
ఈ మాట ఒప్పుకోడానికి
తిరుగు ప్రయాణం మొత్తం పట్టింది నాకు.

జీతం పెరిగింది.
ముతీసో గారు కుర్చీలోంచి లేచి చేయి కలిపారు,
"ఇంజినీర్ అపోండీ" అని, పంతొమ్మిదేళ్లలో మొదటిసారి.
అవే వేళ్లు. అదే వరస.
కాగితం అడుగున, పాల ప్యాకెట్ మీద ఉన్నట్టు,
ఒక తేదీ: మూడేళ్లే చెల్లుతుంది.
మళ్లీ అద్దె కూడబెట్టాలి.

నిన్న ఆ ఒక్క వరసా రాశాను.
రాసి, ఖాళీ కన్నాలన్నిటికీ ఎర్ర టేపు అంటించాను.
"ఎర్రదాంట్లో ఏదీ దోపకమ్మా."
"దోపితే?" అంది నెరియా, తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ.
"ఇప్పుడైతే ఏమీ కాదు."
"మరి టేపెందుకు?"

ఇంకా వెతుకుతున్నాను.
ఇది ఏ పుస్తకంలోనూ లేదు.